టెక్ సందేహాలు: సర్వర్ ఆగితే మళ్లీ బిల్లు ఎన్ని గంటలకి?

రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు మనవాళ్ల నుంచి ఈసారి వచ్చినవన్నీ సర్వర్ల ప్రశ్నలే. తిప్పి తిప్పి నేను అడిగేది ఒక్కటే: రేపు పొద్దున ఈ మెషీన్ లేవకపోతే కౌంటర్లో మళ్లీ బిల్లు ఎన్ని గంటలకి వస్తుంది?

రాయగడలో మాది మందుల హోల్‌సేల్ అండీ. ఒక్క సర్వర్ మీద వీఎంవేర్ కంపెనీ వాళ్ల ఈఎస్‌ఎక్స్‌ఐ 6.7 (ఒకే సర్వర్‌లో చాలా కంప్యూటర్లున్నట్టు నడిపే సాఫ్ట్‌వేర్) వేసి, ట్యాలీకి, బిల్లింగ్‌కి, ఇంకోదానికి కలిపి మూడు వర్చువల్ మెషీన్లు నడుపుతున్నాం. విశాఖ నుంచి వచ్చే ఇంజినీర్ కొత్త లైసెన్స్‌కి చాలా అవుతుంది అంటున్నాడు. అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ ఉచితమట, మారిపోవచ్చా?

మీ ఇంజినీర్ చెప్పింది నిజమే. 6.7కి మద్దతు 2022 అక్టోబర్ 15తోనే ఆగిపోయింది, ఆ తర్వాతి 7కి కూడా 2025 అక్టోబర్ 2తో అయిపోయింది. వీఎంవేర్‌ని 2023 నవంబర్‌లో బ్రాడ్‌కామ్ కొన్నాక, ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అనే పాత లైసెన్సులు అమ్మడం ఆపేశారు. ఇప్పుడంతా చందా పద్ధతి, అదీ కోర్ల లెక్కన, మీ ప్రాసెసర్‌లో ఎనిమిది కోర్లే ఉన్నా 16కి కట్టాల్సిందే. ఉచిత ఈఎస్‌ఎక్స్‌ఐని 2024లో తీసేసి 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు గానీ, బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు వాడుకునే దారి అందులో మూసి ఉంటుంది, కాబట్టి వ్యాపారానికి అది వద్దు.

నడుస్తోంది కదా, ఇలాగే ఉంచేద్దాం అనుకుంటారేమో, దయచేసి ఉంచకండి. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రపంచమంతటా వేల సర్వర్లకి తాళం వేసింది. అది దూరిన కంతకి ప్యాచ్ (ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్) వచ్చింది 2021 ఫిబ్రవరిలో, అంటే రెండేళ్ల ముందే ఉంది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. మీ 6.7కి ఇక కొత్త ప్యాచ్‌లే రావు.

మూడు మెషీన్ల షాపుకి ప్రాక్స్‌మాక్స్ బ్రహ్మాండంగా సరిపోతుంది. డెబియన్ లినక్స్ మీద, లినక్స్‌లోనే ఉండే వర్చువల్ మెషీన్ల సదుపాయం కేవీఎంతో నడుస్తుంది, 2008 నుంచీ ఉన్నదే. లాగిన్ అయినప్పుడల్లా సబ్‌స్క్రిప్షన్ లేదని తెర మీద ఒక సందేశం వస్తుంది, కంగారు పడకండి, చందా కట్టకపోయినా అన్నీ పనిచేస్తాయి. 2024 ఏప్రిల్‌లో వచ్చిన 8.2 నుంచి, నడుస్తున్న ఈఎస్‌ఎక్స్‌ఐకి కనెక్ట్ అయి అందులోని మెషీన్లను నెట్‌వర్క్ మీదుగా లాక్కొచ్చే సదుపాయం అందులోనే ఉంది. దీనికి రెండో సర్వర్ ఒకటి ఉండాలి, ఉన్న సర్వర్‌నే తుడిచేసి ఎక్కిద్దాం అనుకుంటే వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఆ రెండోది కొనండి, డబ్బు వృథా కాదు, ఎందుకో కింద చెప్తాను.

మార్చే రోజు ఆదివారం పెట్టుకోండి. శనివారం రాత్రే మూడు మెషీన్ల ఐపీ అడ్రసులు కాగితం మీద రాసుకోవాలి, కొత్త నెట్‌వర్క్ కార్డు కనపడగానే విండోస్ పాత సెట్టింగ్ వదిలేస్తుంది, అప్పుడు కౌంటర్లో కంప్యూటర్లన్నీ సర్వర్ కనపడట్లేదని గోల పెడతాయి. ట్యాలీ లైసెన్స్ మెషీన్‌కి ముడిపడి ఉంటుంది కాబట్టి, మార్చే ముందే అందులో సరెండర్ కొట్టి, కొత్త చోట మళ్లీ యాక్టివేట్ చేసుకోవాలి, ఇది మర్చిపోతే సోమవారం పొద్దున ఫోన్లు పట్టుకుని కూర్చోవాలి. పాత స్నాప్‌షాట్లుంటే (మెషీన్ ఒక క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచినవి) తీసేయండి, మెషీన్లలోని వీఎంవేర్ టూల్స్ తీసేయండి, ప్రాక్స్‌మాక్స్ ఇచ్చే డిస్క్‌నీ నెట్‌వర్క్‌నీ విండోస్ గుర్తుపట్టడానికి కావాల్సిన విర్టియో డ్రైవర్లు ముందే ఎక్కించండి. మొదటిసారి బూట్ చేసేటప్పుడు డిస్క్‌ని సాటాగా పెట్టి, విండోస్ పైకి వచ్చాక విర్టియోకి మార్చండి. నేరుగా విర్టియోతో లేపబోతే విండోస్ ఆగిపోయి నీలం తెర వస్తుంది. నాకు ఒకసారి వచ్చింది, రాత్రి రెండింటి దాకా కదల్లేదు, చివరికి కావాల్సింది ఆ ఒక్క మార్పే.

నెల రోజులు బాగా నడిచాక పాత సర్వర్‌ని తుడిచి, దాని మీద ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ వేయండి, అదీ ఉచితమే. మొదటిసారి మొత్తం తీసుకుంటుంది, తర్వాత రోజూ మారినంతవరకే తీసుకుంటుంది. ఆ డబ్బాని సర్వర్ పక్కనే పెట్టకండి, గోడౌన్‌లోనో ఇంట్లోనో పెట్టండి.

పర్లాకిమిడి నుంచి: మా ఆఫీసులో నాలుగు డిస్కుల నాస్ బాక్స్ (అందరూ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె) ఉంది, డేటాని అన్ని డిస్కులకీ పంచి రాసే రైడ్ 5 పెట్టించాం. ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుందన్నారు. ఇంక బ్యాకప్ ఎందుకు?

ఒక డిస్క్ పోతే ఉంటుంది. కానీ మీ అకౌంటెంట్ పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే నాలుగు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది, రాన్సమ్‌వేర్ వస్తే నాలుగింటికీ తాళం పడుతుంది. ఇంకో సంగతి, నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొని ఉంటారు, ఒకే వయసువి. ఒకటి పోయాక కొత్తది పెట్టి రీబిల్డ్ (పోయిన డిస్క్‌లోని డేటాని కొత్తదానిలో మళ్లీ రాయడం) మొదలుపెడితే, మిగతా మూడింటినీ మొదటి నుంచి చివరిదాకా గంటల తరబడి చదవాలి, రెండోది చేతులెత్తేసేది ఆ గంటల్లోనే. ఒకతనికి అలా జరిగినప్పుడు పక్కనే ఉన్నాను. తెర మీద రీబిల్డ్ అరవై శాతం దాటాక ఆగింది, ఆయన కుర్చీలోంచి లేవలేదు, నీళ్లిచ్చినా తాగలేదు. మూడేళ్ల లెక్కలండీ అవి.

రెండు పెద్ద యూఎస్‌బీ డిస్కులు కొని వారం ఒకటి, వారం ఒకటి మార్చండి, రెండోది ఇంట్లో బీరువాలో ఉండాలి. జీఎస్టీ లెక్కల్ని వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలని చట్టమే చెప్తోంది, రైడ్ ఉందండీ అంటే ఏ ఆఫీసరూ ఒప్పుకోడు.

బరంపురంలో మాది పట్టుచీరల షాపు, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. సర్వర్ తీసేసి మొత్తం క్లౌడ్‌లో పెట్టేయమంటున్నారు. తుపాను వచ్చినా భయం లేదంటున్నారు. పెట్టేయమంటారా?

2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక గంజాం జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేని సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. క్లౌడ్‌లో మీ డేటాకి అప్పుడు కూడా ఏమీ కాదు, నిజమే, కానీ కరెంటూ నెట్టూ లేనప్పుడు దాన్ని అందుకునే దారి మీకు ఉండదు. అందుకని బిల్లింగ్‌ని షాపులోనే ఉంచి, బ్యాకప్ కాపీని క్లౌడ్‌కి పంపమంటాను. అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి డేటా సెంటర్లున్నాయి, వాటిలో ఒకటి ఎంచుకోండి. కంపెనీల లెక్కల పుస్తకాల బ్యాకప్ రోజూ తీయాలి, అదీ భారత్‌లో ఉన్న సర్వర్లోనే ఉండాలని 2022 ఆగస్టులో నిబంధన మార్చారు, మీది ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి మీకూ వర్తిస్తుంది.

ఒక్క లెక్క మాత్రం ముందే వేసుకోండి. షాపు సర్వర్ పోయి, క్లౌడ్ నుంచి మొత్తం వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చింది, మీ డేటా 2 టీబీ అనుకుందాం. 100 ఎంబీపీఎస్ లైను సెకనుకి పన్నెండున్నర ఎంబీ తెస్తుంది, అదీ ఎక్కడా తగ్గకుండా పూర్తి వేగంతో వస్తే. మొత్తం దిగడానికి 44 గంటలు దాటుతుంది. అదే 20 ఎంబీపీఎస్ లైనైతే తొమ్మిది రోజులు. పెళ్లిళ్ల సీజన్‌లో తొమ్మిది రోజులు షాపు చేత్తో బిల్లులు రాసుకోగలదా? అందుకే షాపులో ఒక కాపీ, క్లౌడ్‌లో ఒక కాపీ, రెండూ ఉండాలి. క్లౌడ్ కాపీకి ఆబ్జెక్ట్ లాక్‌ని కంప్లయన్స్ మోడ్‌లో పెట్టించండి, మీ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా గడువు తీరేదాకా చెరపలేడు. క్లౌడ్‌లో మెషీన్ కూడా అద్దెకి తీసుకుంటే, దాన్ని ఆపేసినా డిస్క్ అద్దె పడుతూనే ఉంటుంది, బిల్లు చూసుకుంటూ ఉండండి.

గుణుపురం నుంచి: వీఎంవేర్‌లో స్నాప్‌షాట్ ఒకటి రెండేళ్లుగా ఉంది, స్టోరేజ్ నిండిపోతోంది. తీసేయొచ్చా?

తీసేయాలి, కానీ ఇవాళే పరిగెత్తి డిలీట్ నొక్కకండి. ఒక స్నాప్‌షాట్‌ని 72 గంటలకి మించి ఉంచొద్దని వీఎంవేరే చెప్తుంది, మీది రెండేళ్లది, తీసేయమంటే అందులో పోగైన మార్పులన్నీ అసలు డిస్క్‌లో కలపడానికి చాలా గంటలు పడుతుంది, మధ్యలో మెషీన్ నత్తనడక నడుస్తుంది. స్టోరేజ్‌లో కొంచెం ఖాళీ చేసుకోండి, మెషీన్ మొత్తం కాపీ బయట డిస్క్‌లోకి తీసుకోండి, దాన్ని వేరే చోట ఒకసారి లేపి చూడండి, యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకుని శనివారం సాయంత్రం మొదలుపెట్టండి. 99 శాతం దగ్గర గంటలు ఆగినట్టు కనిపించినా రీబూట్ మాత్రం చేయకండి, లోపల పని జరుగుతూనే ఉంటుంది.