పాత హోబీ 16 కొనేముందు హల్‌ను వేలితో నొక్కి చూడండి

డల్లాస్ దగ్గర 1980ల నాటి హోబీ 16 కాటమరాన్ (తెరచాప పడవ) ట్రైలర్‌తో సహా 800 డాలర్లకు వస్తోంది, తీసుకోవచ్చా, బాగుచేయడానికి ఇంకెంత అవుతుంది అని అడిగారు. తీసుకోవచ్చు. కానీ డబ్బు చేతికివ్వకముందే రెండు హల్స్ మీద, అంటే నీళ్లలో తేలే ఆ రెండు పొడవాటి డొల్లల మీద, బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కి చూడండి. అవి గట్టిగా ఉంటే మిగతావన్నీ మార్చుకోవచ్చు. అవి మెత్తబడి ఉంటే ఉచితంగా ఇచ్చినా వద్దనండి.

ఇది నేను నష్టపోయి నేర్చుకున్న విషయం. హ్యూస్టన్‌కి వచ్చిన కొత్తలో క్లియర్ లేక్ దగ్గర ఒకరి పెరట్లో ఒక హోబీ 16 చూశాను. తెల్లగా కొత్త పెయింటు, రంగురంగుల తెరచాప. 600 డాలర్లకు కొనేశాను. నాలుగోసారి నీళ్లలోకి దించినప్పుడు ఒక హల్ పైభాగం నా మోకాలి కింద లోపలికి దిగింది. ఒడ్డుకి తెచ్చి పెయింటు గీకి చూస్తే దాదాపు రెండడుగుల మేర పొరలు విడిపోయి ఉన్నాయి. ఆ పెయింటు వేసింది అందుకే.

హోబీ హల్ అంటే పల్చటి ఫైబర్‌గ్లాస్ పొరలు రెండు, మధ్యలో ఫోమ్. అందుకే 16 అడుగుల 7 అంగుళాల పడవ అయినా మొత్తం బరువు 145 కిలోల దగ్గరే ఉంటుంది. ఏళ్ల తరబడి ఎండ, తేమ, అలల దెబ్బ తిన్నాక పై పొర ఫోమ్‌ని వదిలేస్తుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. ఎక్కువగా, రెండు హల్స్‌ని కలిపే ముందు అడ్డకడ్డీని మోసే చిన్న స్తంభాలకు ముందు, డెక్ మీద, అంటే హల్ పైభాగాన మొదలవుతుంది. నొక్కితే కారు డోరు రేకులా లోపలికి వెళ్లి టక్కున పైకి వస్తుందంటే పొర వదిలేసినట్టే. తర్వాత ఒక నాణెంతో తట్టుకుంటూ పోండి, కొబ్బరికాయ తట్టి చూసినట్టు. బాగున్న చోట టకటకమని గట్టిగా పలుకుతుంది, విడిపోయిన చోట డొల్లగా డొప్పుమంటుంది. కొత్తగా పెయింటు వేసిన చోట రెండుసార్లు తట్టండి.

అరచేతి మేర మెత్తబడితే భయపడక్కర్లేదు. రెండో పడవకి నేనే చేశాను. మూడు మిల్లీమీటర్ల డ్రిల్‌తో అంగుళానికొక రంధ్రం, పై పొర వరకే, లోపలి పొర తగలకుండా. వారం రోజులు గ్యారేజీలో ఫ్యాను పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు, పట్టదు. ఆ తర్వాత సిరంజితో పల్చటి ఎపాక్సీ ఎక్కిస్తూ పోతే పక్క రంధ్రంలోంచి బయటకి వస్తుంది. వచ్చినదానికి టేపు వేసి తర్వాతి దానికి వెళ్లాలి. చివర్లో ప్లాస్టిక్ షీటు పరిచి పైన ఇసుక సంచి పెట్టాను. రెండు రోజులకి రాయిలా అయింది. ఇప్పటికి ఐదేళ్లు, ఇంకా గట్టిగానే ఉంది. కానీ రెండడుగుల మేర పోయినదాన్ని ఇలా నిలబెట్టలేం. అందుకే మొదటి పడవ హల్స్ పారేసి, చుక్కానులు, పెద్ద తెరచాప, అల్యూమినియం కడ్డీలు దాచుకున్నాను. అవన్నీ రెండో దానికి పనికొచ్చాయి.

ఒక జాగ్రత్త. టెక్సస్ ఎండాకాలంలో ఎపాక్సీ ఒకేసారి కప్పు నిండా కలపొద్దు. నేను కలిపిన కప్పు పది నిమిషాల్లో వేడెక్కి పొగలొచ్చింది. కొంచెం కొంచెం కలిపి వెడల్పాటి పళ్లెంలో పోసుకోండి, పొద్దున్నే పని చేయండి. ఫైబర్‌గ్లాస్ రుద్దేటప్పుడు మంచి మాస్కు, గ్లౌజులు, నిండు చేతుల చొక్కా లేకుండా మొదలుపెట్టొద్దు. ఆ దుమ్ము ఒంటి మీద పడితే రెండు రోజులు దురదే.

పడవ కింద కూడా చూడండి. హోబీ 16కి డాగర్‌బోర్డు (నీళ్లలోకి దించే నిలువు పలక) ఉండదు, హల్స్ ఆకారమే పడవ పక్కకి జారకుండా ఆపుతుంది. కాబట్టి దాన్ని నేరుగా ఇసుక మీదికి లాగేస్తారు, అడుగు అరిగిపోతుంది. అడుగున ఫైబర్ నేత కనిపిస్తుంటే రెండు మూడు పొరలు గ్లాస్ టేపు, ఎపాక్సీ వేయాలి. అది చేయగలిగిన పనే, కాబట్టి ధర తగ్గించమని అడగడానికి వాడుకోండి.

లీకులు చూడాలంటే వెనక డ్రెయిన్ రంధ్రంలోంచి నోటితోనో, పరుపుల్లో గాలి నింపే చిన్న పంపుతోనో మెల్లగా గాలి ఊది, అతుకుల మీద సబ్బునీళ్లు పూయండి. బుడగలు వచ్చిన చోటే లీకు. కంప్రెసర్ మాత్రం వద్దు, అతుకే విడిపోతుంది.

ఇక నేను వాయిదా వేసి తప్పు చేసింది మాస్ట్‌ని, అంటే తెరచాప కట్టే నిలువు స్తంభాన్ని, పట్టి ఉంచే స్టీలు వైర్ల విషయంలో. పైకి మెరుస్తున్నాయి కదా, వచ్చే ఏడాది చూద్దాం అనుకున్నాను. గాల్వెస్టన్ బేలో మా ఆవిడ కూడా ఉన్న రోజు పక్క వైరు, చివర బిగించిన ఫిట్టింగ్ దగ్గర తెగింది. మాస్ట్ మొత్తం పక్కకి పడింది. పొడవు ఎనిమిది మీటర్లు ఉంటుంది అది. తన భుజానికి జానెడు దూరంలో పడింది. ఎవరికీ ఏం కాలేదు, కానీ ఆ చప్పుడు తలచుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి. ఆ వైర్లు తుప్పు పట్టేది ఫిట్టింగ్ లోపల, పైకి కనిపించదు. ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే, అన్నీ ఒకేసారి మార్చేయండి. ఆ తర్వాతే నీళ్లలోకి వెళ్లండి.

మాస్ట్ గురించి ఇంకొక్క మాట. దాన్ని నిలబెట్టే ముందు తల పైకెత్తి కరెంటు తీగలు చూడండి. పాత హోబీల్లో మాస్ట్ మొత్తం అల్యూమినియమే. తీగలకి తగిలి ప్రాణాలు పోయాకే 1980లలో మాస్ట్ పైభాగాన్ని ఫైబర్‌గ్లాస్‌తో చేయడం మొదలుపెట్టారు. మీరు చూస్తున్నది ఏ రకమో అడగండి. ఫైబర్ ఉన్నా సరే, తీగల కింద నిలబెట్టొద్దు, మాస్ట్ నిలబెట్టిన పడవని వాటి కిందనుంచి తోయొద్దు.

ట్రాంపొలిన్‌కి, అంటే రెండు హల్స్ మధ్య కూర్చోవడానికి బిగించే గుడ్డకి, గుడ్డ కన్నా ముందు కుట్లు పోతాయి. ఒక కుట్టుని గోరుతో గీరండి, దారం పొడిలా రాలితే కొత్తది కొనాల్సిందే. తెరచాప వెలిసిపోయినా ఫర్వాలేదు, నేర్చుకోవడానికి అది చాలు.

నా లెక్క చెబుతాను. రెండో పడవ 1,000 డాలర్లు. వైర్లు 300, ట్రాంపొలిన్ 350, ఎపాక్సీ, గ్లాస్ గుడ్డ, సాండ్‌పేపర్ 200, ట్రైలర్ టైర్లు, బేరింగులు 200, తాళ్లు 120, లైఫ్ జాకెట్లు, కాగితాలు కలిపి 230. మొత్తం 2,400. పనంతా నేనే చేసుకున్నాను, మూడు నెలల శని ఆదివారాలు పట్టింది. మొదటి పడవ 600 దీనిలో లేదు. చుక్కానులు దాని నుంచి రాకపోతే ఖర్చు ఇంకా పెరిగేది. కాబట్టి మీ 800కి ఇంకో 1,500 చేతిలో లేకపోతే ఈ ఏడాదికి ఆగండి.

టెక్సస్‌లో 14 అడుగులు, అంతకు మించిన తెరచాప పడవకి టైటిల్ (యజమాని ఎవరో చెప్పే కాగితం), రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది. అమ్మే మనిషి పేరూ టైటిల్ మీది పేరూ ఒకటేనా, హల్ వెనక చెక్కిన నంబరు కాగితంతో కలుస్తోందా చూసుకోండి. టైటిల్ తర్వాత పంపిస్తానంటే డబ్బు కూడా తర్వాతే ఇవ్వండి.

కాటమరాన్ అన్న పేరు తమిళ ‘కట్టుమరం’ నుంచి ఇంగ్లీషులోకి వెళ్లింది. దుంగలు పక్కపక్కన కట్టిన, మన ఉప్పాడ, భీమిలి జాలర్లు తెప్ప అనేదే అది. ఈ రెండు హల్స్ రూపం మాత్రం పసిఫిక్ దీవుల పాలినేషియన్లది. మా నాన్నగారు మా పడవ మొదటిసారి చూసి, “తెప్పకి మంచమేశారేంట్రా” అన్నారు. ట్రాంపొలిన్ మీద కూర్చుని సాయంత్రం దాకా దిగలేదు.

మీకు దగ్గర్లో లేక్ లూయిస్‌విల్, లేక్ రే హబ్బర్డ్ ఉన్నాయి. మంచినీళ్లు కాబట్టి తుప్పు బాధ నాకన్నా మీకు తక్కువ. అయితే మొదటి రోజుల్లో ఒక్కరే వెళ్లొద్దు. ఇది బోల్తా పడటం మామూలే, తిరిగి లేపడానికి తాడు పట్టుకుని సుమారు 130 కిలోల బరువుతో వెనక్కి వేలాడాలి, అంటే ఇద్దరు మనుషులు.

చూడటానికి వెళ్లేటప్పుడు నాణెం, టార్చి, సబ్బునీళ్ల సీసా తీసుకెళ్లండి. రెండు హల్స్ ముందు భాగం ఫొటోలు ఇక్కడ పెడితే నేను చూసి చెబుతాను. కానీ మెత్తదనం ఫొటోలో కనిపించదు, అది మీ వేలికే తెలియాలి.