చిన్ననాటి స్నేహితురాలిని చూసి అసూయపడటం: మార్జ్ గులాబీ సూటు, నా ఒక్క పట్టుచీర

మీరు అడిగింది ఇది: కలిసి చదువుకున్న స్నేహితురాలు మనకంటే ఎంతో పైకి వెళ్ళినప్పుడు కలిగే అసూయను ఏ యానిమేషన్ ధారావాహికైనా ఉన్నది ఉన్నట్టు చూపించిందా, చూసినవాళ్ళకు అది ఏమైనా పనికొచ్చిందా అని. నాకు పనికొచ్చింది. ‘ది సింప్సన్స్’ అనే అమెరికా యానిమేషన్ ధారావాహిక ఏడో సీజన్‌లో, 1996 ఫిబ్రవరి 4న ప్రసారమైన ఎపిసోడ్ అది. రాసింది జెన్నిఫర్ క్రిటెండెన్, దర్శకత్వం సూజీ డీటర్. ఆ ధారావాహికలో రచన, దర్శకత్వం రెండూ మహిళలే చేసిన మొదటి ఎపిసోడ్ ఇదే. చూస్తుంటే ఆ తేడా తెలుస్తుంది.

కథ చిన్నది. 2,800 డాలర్ల షనెల్ (ఖరీదైన ఫ్యాషన్ బ్రాండు) సూటు తగ్గింపు దుకాణంలో 90 డాలర్లకే సింప్సన్ల ఇంటి ఇల్లాలు మార్జ్ కంటపడుతుంది. ఇంటి ఖర్చు తప్ప తనకంటూ ఏదీ కొనుక్కోని మనిషి, మొదట వద్దనుకుని చివరికి కొంటుంది. అది వేసుకుని ఉండగా పెట్రోలు బంకు దగ్గర బడిలో తనతో చదివిన ఎవ్‌లిన్ ఎదురవుతుంది. సూటు చూసి, మార్జ్ కూడా తమ స్థాయి మనిషే అనుకుని డబ్బున్నవాళ్ళ కంట్రీ క్లబ్బుకు పిలుస్తుంది. ఇక అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ మార్జ్‌కు ఉన్నది ఆ ఒక్క సూటే. రాత్రిపూట కుట్టుమిషను ముందు కూర్చుని దాన్నే కత్తిరించి, మడిచి, మరోలా కుట్టుకుంటుంది. చివరికి ఒక రాత్రి గుడ్డ మిషనులో చిక్కుకుని పీలికలైపోతుంది.

ఆ దృశ్యం దగ్గర నేను డీవీడీ ఆపేశాను. ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి.

నేను 2012లో భర్త ఉద్యోగం కారణంగా న్యూజెర్సీ వచ్చాను. నాది హెచ్‌-4 వీసా, అంటే హెచ్-1బి అనే పని వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది; దానిమీద అప్పట్లో ఉద్యోగం చేయడానికి వీల్లేదు. మా ఇంటికి అరగంట దూరంలోనే గుంటూరులో నాతో ఇంజనీరింగ్ చదివిన స్నేహితురాలు ఉండేది. నాలుగేళ్ళూ ఒకే బెంచీ, ఒకే హాస్టల్ గది. సిగ్నల్స్ పరీక్ష ముందురోజు రాత్రి ఆమెకు కన్వల్యూషన్ అనే లెక్క అర్థం కాక ఏడుస్తుంటే, నోటుపుస్తకం వెనక అట్టమీద బొమ్మలు గీసి తెల్లవారేదాకా చెప్పింది నేను. ఇప్పుడు ఆమె మెడలో ఆఫీసు గుర్తింపు కార్డు, నా చేతిలో కూరల సంచి. ఆమెకు నాలుగు పడకగదుల ఇల్లు, ప్రతి పండుగకూ ఆ ఇంట్లో విందు.

నా దగ్గర మంచి పట్టుచీర ఒక్కటే ఉండేది, అమ్మ పెట్టిన ధర్మవరం చీర. దానికి మూడు రవికెలు కుట్టించుకున్నాను. ఒకసారి కొంగు ఒంటిపొరగా వదిలి, ఒకసారి కుచ్చులుగా పిన్ను పెట్టి, ఒకసారి కుడివైపు వేసి కట్టాను. జరీ అంచు మడత దగ్గర నలిగి, ఒకచోట పోగు లేచింది. కత్తిరిస్తే ఇంకా విడిపోతుందని సన్నని సూదితో లోపలికి తోసి పెట్టుకున్నాను. ఆ సాయంత్రమంతా ఆ చోటును అరచేత్తో కప్పుకునే కూర్చున్నాను.

అయితే నాకు ఎక్కువ బాధ కలిగించింది చీర కాదు. 2013 సంక్రాంతి విందుకు కారులో వెళుతూ ఆరేళ్ళ మా అబ్బాయికి ఏవేవో చెప్పాను: అక్కడ ఏదీ ముట్టుకోకు, మనది అద్దె ఇల్లని అనకు, రెండోసారి అడిగి తినకు. మిగతా పిల్లలంతా బొమ్మ రైలు చుట్టూ కేకలు పెడుతుంటే, వాడు చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని దూరం నుంచే చూస్తూ నిలబడ్డాడు. రెండు గంటలు అలాగే.

ఎపిసోడ్‌లో సరిగ్గా ఇదే ఉంది. 3,300 డాలర్లు పోసి కొన్న కొత్త దుస్తుల్లో మార్జ్ క్లబ్బు విందుకు నడుస్తూ పిల్లలనూ భర్తనూ అలా ఉండకు, ఇలా మాట్లాడకు అని సరిచేస్తూనే ఉంటుంది. అప్పుడు భర్త హోమర్ పిల్లలతో అంటాడు, అమ్మ గొప్పదైంది కాబట్టే మనం ఎంత చెడ్డవాళ్ళమో మనకు తెలిసింది, కృతజ్ఞతలు చెప్పండి అని. ఎత్తిపొడుపు లేదు, నిజంగా నమ్మి అంటాడు. మార్జ్ అక్కడే ఆగి, అందరినీ వెనక్కి తీసుకెళ్ళిపోతుంది. వాళ్ళు బర్గర్ల దుకాణంలో కూర్చుంటే, అవతల క్లబ్బులో మార్జ్‌ను సభ్యురాలిగా చేర్చుకోవడానికి అంతా సిద్ధం చేసి ఎదురుచూస్తుంటారు. నాకు ఈ ముక్క చాలా ఇష్టం. ఎవ్‌లిన్‌ను దుర్మార్గురాలిగా తేల్చేసి ఉంటే మార్జ్ పని సులువయ్యేది.

నా స్నేహితురాలూ చెడ్డది కాదు. ఒక్కసారి కూడా నన్ను చిన్నచూపు చూడలేదు. కాబట్టి మీకు నేను చెప్పగలిగింది ఇదే: దేన్ని చూసి కళ్ళు కుడుతున్నాయో సరిగ్గా కనిపెట్టండి. నాకు ఆమె ఇల్లు కాదు, మెడలోని ఆ కార్డు. అది తెలిశాక ఒక ఆదివారం ఫోను చేసి, ‘నువ్వు ఆఫీసు మాటలు చెబుతుంటే నాకు వినబుద్ధి కావడం లేదే, అసూయగా ఉంది’ అని చెప్పేశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘కన్వల్యూషన్ ఇప్పటికీ నీ బొమ్మలతోనే గుర్తుంది నాకు’ అంది.

అసూయ ఆ రోజుతో పోలేదు. 2015 మేలో, గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఒక దశ దాటిన హెచ్‌-1బి ఉద్యోగుల జీవిత భాగస్వాములకు పని అనుమతి ఇచ్చారు. నాకూ వచ్చింది. ఉద్యోగంలో చేరాకా, ఆమె నాకంటే ఎన్నేళ్ళు ముందుందో లెక్కపెట్టుకున్న రోజులున్నాయి. కానీ పెద్ద విందులకు వెళ్ళడం మానేశాను. ఆమే మా రెండు గదుల ఇంటికి వస్తుంది, నేలమీద చాప వేసుకుని తింటాం. మా అబ్బాయి రెండోసారి కాదు, మూడోసారి కూడా అడిగి వడ్డించుకుంటాడు.