గుమ్మడి పిందెలు రాలిపోతుంటే

తీగ నిండా పూలున్నా పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయన్నారు కదా, టెన్షన్ పడకండి. చాలావరకు ఇది పరాగసంపర్కం, అంటే మగపువ్వు పుప్పొడి ఆడపువ్వుకు చేరడం, జరగకపోవడం వల్లే. గుమ్మడిలో మగపూలు, ఆడపూలు వేరు. పువ్వు కింద బుల్లి కాయలాంటి ఉబ్బు ఉంటే అది ఆడపువ్వు. ఆ ఉబ్బే అండాశయం. లోపలి అండాలకు పుప్పొడి అందితేనే అవి విత్తనాలవుతాయి, చుట్టూ కాయ పెరుగుతుంది. అందకపోతే తీగ పిందెను వదిలేస్తుంది.

ఈ పూలు తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోతాయి, అందుకే పుప్పొడిని మీరే చేత్తో అందించడానికి పొద్దున్నే వెళ్లండి. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలోని పసుపురంగు పుప్పొడిని ఆడపువ్వు నడుమ జిగురుగా ఉండే కీలాగ్రం మీద మెల్లగా రాయండి. నేనైతే ఒక్కో ఆడపువ్వుకు రెండు మగపూలు వాడతాను. పూలు విచ్చుకున్న వేళ మాత్రం పురుగుమందు కొట్టకండి, దయచేసి. పుప్పొడిని మోసే తేనెటీగలు చచ్చిపోతాయి.