పెరోవ్‌స్కైట్ ఫిల్మ్ మసకగా వస్తోంది, ఏ అడిటివ్ వేయాలి?

సోలార్ సెల్ కోసం మెథిలమోనియం లెడ్ అయొడైడ్ అనే పెరోవ్‌స్కైట్‌ని ఒట్టి డీఎంఎఫ్ ద్రావణిలో కరిగించి, గాజుపలక మీద వేసి వేగంగా తిప్పుతూ స్పిన్ చేస్తున్నామని, ఫిల్మ్ మసకగా, మధ్యమధ్య ఖాళీలతో వస్తోందని రాశారు. నా పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా అలాంటి గాజుపలకలు కడగడంతోనే గడిచింది.

నెయ్యి నెమ్మదిగా చల్లారితే పూస కడుతుంది, ఫ్రిజ్‌లో పెడితే ముద్దవుతుంది కదా, మా సీనియర్ కూడా అడిటివ్ అంటే ఇదేనని చెప్పేవాడు, కానీ ఆ పోలిక సగమే పనికొస్తుంది. ఒట్టి డీఎంఎఫ్‌తో మీకు జరుగుతున్నది వేరు: ఎక్కడో నాలుగు చోట్ల స్ఫటికాల బీజాలు పడి, అవే సూదుల్లా సాగిపోతున్నాయి, మిగతా గాజు బోసిగా ఉండిపోతోంది. మనకు కావాల్సింది బీజాలు ఒక్కసారిగా బోలెడు పడటం, ఆ తర్వాత తాపీగా పెరగటం. మొదటిది యాంటీసాల్వెంట్ (పెరోవ్‌స్కైట్‌ని కరిగించని ద్రవం) పని, రెండోది డీఎంఎస్ఓ అనే మరో ద్రావణి పని. డీఎంఎస్ఓలోని ఆక్సిజన్ లెడ్‌ని పట్టుకుని ఒక మధ్యస్థ సమ్మేళనం కడుతుంది, లెడ్ అయొడైడ్‌కి 1:1 మోల్ చొప్పున కలిపితే చాలు. పలక తిరుగుతుండగా యాంటీసాల్వెంట్‌గా క్లోరోబెంజీన్ పోస్తే డీఎంఎఫ్ కొట్టుకుపోతుంది, డీఎంఎస్ఓ మాత్రం ఉండిపోతుంది. సరిగ్గా కుదిరితే ఫిల్మ్ దాదాపు పారదర్శకంగా ఉంటుంది, 100 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టగానే కళ్లముందే నల్లబడుతుంది. 2014లో దక్షిణ కొరియా బృందం డీఎంఎస్ఓ, టోలుయీన్‌తో చూపించింది కూడా ఈ దారే. అన్నట్టు గ్లవ్స్ మాత్రం మానకండి, డీఎంఎస్ఓ చర్మంలోంచి దూరిపోతుంది, అందులో ఉన్నది లెడ్.

మెథిలమోనియం బదులు ఫార్మమిడినియంకి మారితే కథ వేరు, మామూలు ఉష్ణోగ్రతలో అది పనికిరాని పసుపు రూపంలోకి జారిపోతుంది. దానికి మెథిలమోనియం క్లోరైడ్ కలుపుతారు, నల్ల రూపం తొందరగా కడుతుంది, గ్రెయిన్స్ (ఫిల్మ్‌లోని స్ఫటిక రేణువులు) పెద్దవవుతాయి, 150 డిగ్రీల దగ్గర అది చాలావరకు ఆవిరైపోతుంది.

పెద్ద గ్రెయిన్స్ చూసి మురిసిపోకండి. నేను లెడ్ థయోసయనేట్ అనే అడిటివ్ ఎక్కువ వేశాను, ఎస్ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) గ్రెయిన్స్ ఎంత ముచ్చటగా ఉన్నాయో, ఏ స్ఫటికాలున్నాయో ఎక్స్‌రేలతో చూపే ఎక్స్‌ఆర్‌డీ తీస్తే 12.7 డిగ్రీల కోణం దగ్గర మిగిలిపోయిన లెడ్ అయొడైడ్ శిఖరం నిటారుగా నిలబడి ఉంది, సెల్ చూస్తే మామూలు దానికన్నా అధ్వానం. కొంచెం మిగిలితే ఫర్వాలేదు, అంత మిగిలితే కష్టం.

ముందు డీఎంఎస్ఓ కలిపి, క్లోరోబెంజీన్ పోసే సమయాన్ని రెండేసి సెకన్లు మారుస్తూ ఐదు పలకలు చేయండి. అప్పటికీ మసకే అయితే గ్లవ్‌బాక్స్‌లో (బయటి గాలి చొరకుండా పనిచేసుకునే పెట్టెలో) తేమ ఎంతుందో చూసి ఇక్కడ రాయండి.