ట్రైలర్ కట్టేముందు గేర్ల లెక్క

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

ట్రైలరు లాగడానికి రెండు పికప్ ట్రక్కుల్లో ఏది కొనాలని అడిగిన నీ మెసేజ్ చదివాను. ఒక పక్క సెకండ్ హ్యాండ్ రామ్ 2500, కమిన్స్ డీజిల్, ఆరు గేర్లు, వెనక ఆక్సిల్ 3.73. ఇంకో పక్క ఫోర్డ్ ఎఫ్-250 డీజిల్, పది గేర్లు, ఆక్సిల్ 3.31. ఆఫీసులో ఎవరో "3.31తో ట్రైలర్ ఏం లాగుతావు, 4.10 ఉంటేనే కొను" అన్నారట, అప్పటినుంచీ నీకు టెన్షనట. ఆయన చెప్పింది తప్పని కాదు. నాలుగు గేర్ల ఆటోమేటిక్ రోజుల్లో అది సరైన మాటే. ఇప్పుడు ఆ ఒక్క అంకె చూసి బండి బలం చెప్పలేం.

3.73 అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి గేర్‌బాక్స్ నుంచి వెనక ఆక్సిల్‌కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ 3.73 సార్లు తిరగాలని అర్థం. దానికి ముందు గేర్‌బాక్స్‌లో ఇంకో లెక్క ఉంది. రెండూ గుణిస్తేగానీ చక్రం దగ్గరికి ఎంత బలం వస్తుందో తెలియదు. ఆ రామ్‌లో ఆరు గేర్ల పెట్టెకి ఫస్ట్ గేరు 3.23. దాన్ని 3.73తో గుణిస్తే 12 చిల్లర. ఫోర్డ్ పది గేర్ల పెట్టెలో ఫస్టు 4.615. దాన్ని నువ్వు భయపడుతున్న 3.31తో గుణించి చూడు, 15 దాటుతుంది. రామ్‌కి 4.10 వేయించినా 13 దగ్గరే ఆగిపోతుంది. అంటే లోడుతో కదిలేటప్పుడు, పడవల ర్యాంపు మీద నుంచి బండిని పైకి లాగేటప్పుడు, మీవాడు పనికిరాదన్న బండే ఎక్కువ గుణిస్తుంది.

సరే, కదలడం ఒక్కటే కాదుగా. నీ ట్రైలరు లోడుతో 9,500 పౌండ్లు అన్నావు. బండి, నువ్వు, పిల్లలు, మీ ఆవిడ సర్దే సామాను కలిపి మొత్తం 18,000 పౌండ్లు అనుకుందాం. కొలరాడోలో ఐ-70 మీద ఐజన్‌హోవర్ టన్నెల్‌కి పడమటి వైపు నుంచి ఎక్కే దారి 7 శాతం వాలు. అక్కడ 60 మైళ్ల వేగం నిలబెట్టాలంటే బరువుని పైకి ఎత్తడానికే సుమారు 200 హార్స్‌పవర్ కావాలి. ఎదురుగాలికి, టైర్ల రాపిడికి అయ్యేది దీనిమీద అదనం.

ఇప్పుడు రామ్ సంగతి చూడు. టైరు ఎత్తు దాదాపు 33 అంగుళాలు. ఆరో గేరు 0.63. 60 మైళ్ల దగ్గర ఇంజన్ 1,436 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి అన్ని చుట్లు, తిరుగుతుంది. ఆ ఇంజన్ గరిష్ఠ టార్క్, అంటే తిప్పే బలం, 850 పౌండ్-అడుగులు, అదీ 1,700 ఆర్‌పీఎం దగ్గర. పోనీ 1,436లోనే మొత్తం 850 ఇచ్చిందనుకున్నా వచ్చేది 232 హార్స్‌పవర్. గాలికీ రాపిడికీ అయ్యేది కలిపితే అది చాలదు. అదే ఇంజన్ 2,800 దగ్గర 370 ఇస్తుంది. గేరు ఇంజన్‌కి కొత్తగా శక్తి ఇవ్వదు నాన్నా, శక్తి ఉన్న చోటికి ఇంజన్‌ని తీసుకెళుతుంది, అంతే. డీజిల్‌కి కింద టార్క్ ఉంటుంది కదా అని ఎత్తులో ఆరో గేరులోనే ఈడ్చకు. తక్కువ ఆర్‌పీఎంలో నిండు లోడు పడితే ఎగ్జాస్ట్ వేడెక్కుతుంది, బండి ఊగుతుంది, డీజిలూ మిగలదు.

సరే, నాలుగో గేరుకి దిగావు. అది 1.00, అంటే 2,279 ఆర్‌పీఎం. చాలావరకు అక్కడే ఎక్కేస్తావు. కానీ ఎదురుగాలో, ముందు లారీయో వచ్చి వేగం పడిందనుకో, కింద మూడో గేరు 1.41. 60 మైళ్ల దగ్గర మూడులో వేస్తే 3,213, ఇంజన్ ఒప్పుకునే హద్దు అది. కాబట్టి వేగం 50కి పడేదాకా నాలుగులోనే మూలుగుతూ ఉంటుంది. ఈ నాలుగుకీ మూడుకీ మధ్య ఉన్న గుంట నేను చాలా ఏళ్లు అనుభవించాను. పది గేర్ల పెట్టెలో ఏడోది 1.00, దాని కింద ఆరోది 1.277, ఆ కింద ఐదోది 1.519. గుంట పూడిపోయింది. నాకైతే పది గేర్ల అసలు లాభం ఇదే. ఫస్ట్ గేరు గొప్ప అమ్మేవాళ్లు చెబుతారు, ఈ మధ్యలో ఉండే మెట్ల సంగతి ఎవరూ చెప్పరు.

క్లచ్ గేరు కావాలని నాకు ఇప్పటికీ ఉంది. రామ్‌లో అది 2018తో ఆగిపోయింది, ఇక దాని గురించి మాట్లాడి లాభం లేదు.

పెద్ద టైర్లు వేయించాలని ఉందన్నావు. 35 అంగుళాలవి వేస్తే 3.73 కాస్తా 3.52 లాగా పనిచేస్తుంది. చూపు కోసం డబ్బు పెట్టి గేరు తగ్గించుకోవడమే. ట్రైలరు లాగేవాడికి వద్దు.

ఎక్కేటప్పుడు తప్పు చేస్తే నెమ్మదిగా వెళతావు. దిగేటప్పుడు తప్పు చేస్తే ఆగవు. అందుకే ఇది ఇంకోసారి చదువు. నేను మొదటి ఏడాది ఆ టన్నెల్ దాటి సిల్వర్‌థోర్న్ వైపు డ్రైవ్‌లోనే పెట్టి, మాట్లాడుకుంటూ దిగాను. టన్నెల్ ఎత్తు 11,000 అడుగుల పైమాటే. కొన్ని మైళ్లకే బ్రేకుల వాసన, అద్దంలో పొగ, పెడల్ మెత్తబడింది. లారీలు అదుపు తప్పితే ఎక్కించే కంకర ర్యాంపు బోర్డు కనిపించినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఎలాగో కిందికి వచ్చి పక్కన ఆపి గంటసేపు కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది మీ తాతయ్య. చెరకు లోడుతో కాలవ గట్టు ఎక్కేముందే ట్రాక్టరుని లో గేరులోకి వేసేవారు. గట్టు మధ్యలో మార్చబోతే చెరకు ట్రక్కు వెనక్కి లాగేస్తుందని చెప్పేవారు. మన ఘాట్ రోడ్ల మీద డ్రైవర్లు కూడా ఎక్కిన గేరులోనే దిగాలంటారు. ఇక్కడా అంతే. వాలు మొదలవకముందే, పైన సమంగా ఉన్న చోటే, వేగం 45కి తగ్గించు. లోడు లాగేటప్పుడు వాడే టో-హాల్ బటన్ నొక్కు, ఇంజన్‌తోనే వేగాన్ని పట్టి ఉంచే ఎగ్జాస్ట్ బ్రేక్ వెయ్యి, ఆరు గేర్ల రామ్ అయితే గేరు మూడుకో నాలుగుకో కట్టెయ్యి. ఎగ్జాస్ట్ బ్రేక్ ఆర్‌పీఎం పెరిగినకొద్దీ గట్టిగా పట్టుకుంటుంది. ఇంజన్ 2,500 దగ్గర అరుస్తుంటే మీ ఆవిడ కంగారుపడుతుంది, ముందే చెప్పి ఉంచు. ఆ అరుపే నీ బ్రేకుల్ని కాపాడేది. బ్రేక్ మీద కాలు ఆనించే ఉంచకు. వేగం పెరిగితే ఒకసారి గట్టిగా నొక్కి, తగ్గాక పూర్తిగా వదిలెయ్యి.

టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి వెళ్తావు కాబట్టి మొదటి రోజంతా చదును నేలే. కానీ అమరిల్లో చుట్టుపక్కల ఎదురుగాలి కొండ కంటే ఎక్కువ సతాయిస్తుంది. రామ్ అయితే, గేరు ఆరుకీ ఐదుకీ మధ్య ఊగుతుంటే నువ్వే ఐదుకి కట్టెయ్యి. మాటిమాటికీ మారితే గేర్‌బాక్స్ నూనె వేడెక్కుతుంది. డ్యాష్‌లో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ తెర మీద పెట్టుకుని వెళ్లు. తర్వాత రేటన్ పాస్ అనే కనుమ, 7,834 అడుగులు. ఐజన్‌హోవర్ కంటే ముందు దాన్ని పరీక్ష అనుకో. అక్కడ ఎక్కి దిగితే బండి స్వభావం తెలిసిపోతుంది.

నా ఓటు పది గేర్ల బండికే. 3.55 దొరికితే సంతోషం, దొరక్కపోతే 3.31తో నిశ్చింతగా తీసుకో. కానీ డీజిల్ ఇంజన్ బరువెక్కువ, దానివల్ల 2500, ఎఫ్-250 రకాల్లో పేలోడ్, అంటే బండి మీద మోయగల బరువు, తక్కువగా మిగులుతుంది. ట్రైలరు కొక్కెం మీద మోపే బరువు కూడా అందులోంచే తీసెయ్యాలి. టెస్ట్ డ్రైవ్‌కి వెళ్లినప్పుడు డ్రైవర్ డోరు తెరిచి, ఆ పేలోడ్ రాసి ఉండే పసుపు తెలుపు స్టిక్కరు ఫోటో తీసి నాకు పంపు. అది చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ పెదనాన్న