బ్యాలస్ట్ పంపులు నడిపేటప్పుడు బ్యాటరీ జాగ్రత్తలు: వేక్ బోటు కొన్న అబ్బాయికి

చెన్నై

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

ముట్టుకాడులో సాయంత్రం, నీ వేక్ బోటు వెనక పెద్ద అల లేవడానికి బరువుగా నీళ్ళు నింపే బ్యాలస్ట్ ట్యాంకులు ఖాళీ చేశాక ఇంజన్ స్టార్ట్ కావడం లేదని, ఇంకా పెద్ద బ్యాటరీ వేయించమంటారా అని అడిగావు. ఇప్పుడే డబ్బు పెట్టకు నాయనా. ముందు లెక్క చూసుకో.

రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఉన్న, నింపడానికీ తీయడానికీ పనికొచ్చే రివర్సిబుల్ పంపు ఒక్కొక్కటి సుమారు 15 ఆంప్స్ లాగుతుంది. నీ మూడు పంపులూ కలిసి పది నిమిషాలు నడిస్తే ఏడున్నర ఏహెచ్ (ఆంపియర్-అవర్, అంటే ఆంప్స్‌ను గంటలతో గుణిస్తే వచ్చేది) ఖర్చు. నింపడానికి ఒకసారి, ఖాళీ చేయడానికి ఒకసారి, మొత్తం 15. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి 100 ఏహెచ్ బ్యాటరీలో నీ చేతిలో ఉన్నది 50. మధ్యలో ఇంజన్ ఆపేసి గంటన్నర పాటలు పెట్టారనుకో, 25 ఆంప్స్ లాగే యాంప్లిఫయరు ఒక్కటే 37 తినేస్తుంది. ఆ రెండూ కలిపితే 52! తప్పు పంపులది కాదు, ఇంజన్ ఆపి ఉంచిన సమయానిది.

కాబట్టి నింపినా, తీసినా ఇంజన్ తిరుగుతుండగానే చెయ్యి. స్టార్ట్ చేసే ముందు, ఇంజన్ గదిలోని పెట్రోలు ఆవిరిని బయటికి తోసే ఫ్యాను, అదే బ్లోయర్, నాలుగు నిమిషాలు నడవాలి. ఐడిల్‌లో, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ తన పూర్తి సామర్థ్యం ఇవ్వదు. న్యూట్రల్‌లోనే 1000–1200 ఆర్‌పీఎంకి పెంచి, వోల్ట్‌మీటర్ చూడు. పంపులన్నీ నడుస్తున్నా 13.5 పైన ఉంటే బాధ లేదు. 12.8 కిందికి జారితే పంపులకు కరెంటు బ్యాటరీలోంచి పోతున్నట్టే. అప్పుడు ఒక పంపు ఆపేసి, రెండిటితోనే నింపు. ఇంజన్ తిరిగినంతసేపు వెనక ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని కూర్చోనివ్వొద్దు. ఎగ్జాస్ట్‌లోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, ప్రాణం మీదికి తెస్తుంది. ఈ ఒక్క విషయంలో ఎవరు మొహమాటపెట్టినా వినకు.

ఖాళీ చేయడం గట్టు చేరాక మొదలుపెట్టకు. తిరుగు దారిలో నెమ్మదిగా వస్తూనే పంపులు వేసేయ్. చెవి మాత్రం పంపు మీదే ఉండాలి. నీళ్ళు అయిపోగానే శబ్దం మారుతుంది, వెంటనే ఆపేయాలి. పొడిగా అర నిమిషం తిరిగినా ఇంపెల్లర్ మాడిపోవచ్చు.

స్టార్టింగ్ బ్యాటరీ వేరు, పంపులకూ పాటలకూ హౌస్ బ్యాటరీ వేరు ఉండాలి. రెండిటి మధ్య వోల్టేజ్ చూసి కలిపే రిలే పెట్టించు. 13.3 వోల్టుల ప్రాంతంలో రెండిటినీ కలిపి ఛార్జి చేస్తుంది, 12.8 ప్రాంతానికి పడితే విడదీస్తుంది. దాంతో పంపులు ఎంత లాగినా స్టార్టింగ్ బ్యాటరీ పదిలంగా ఉంటుంది. రిలే బదులు చేత్తో తిప్పే బ్యాటరీ స్విచ్ అయితే ఇంజన్ నడుస్తుండగా ఆఫ్ మీదికి పోనివ్వకు, ఆల్టర్నేటర్ డయోడ్లు పోతాయి. బోటు అడుగున చేరిన నీళ్ళు తోడే బిల్జ్ పంపు మాత్రం ఆ స్విచ్‌తో పనిలేకుండా, ఫ్యూజుతో నేరుగా బ్యాటరీకే ఉండాలి.

ఇక వైరింగు. నాకు ఎక్కువ అనుమానం ఇక్కడే. బ్యాటరీ నుంచి పంపు 5 మీటర్ల దూరంలో ఉంటే, పోను రాను 10 మీటర్ల వైరు. 2.5 స్క్వేర్ ఎంఎం వైరులో 15 ఆంప్స్ పోతే ఒక వోల్టు దాకా దారిలోనే పోతుంది. పంపు నీరసంగా తిరుగుతుంది, ట్యాంకు నిండడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అదే 10 స్క్వేర్ ఎంఎం అయితే పోయేది పావు వోల్టే. తగరం పూత ఉన్న మెరైన్ వైరే అడుగు. ఉప్పు గాలికి మామూలు రాగి లోపల్లోపలే నల్లబడిపోతుంది.

పాత వైరు బాగుందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. పంపు నడుస్తుండగా ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది పంపు ప్లస్ మీద పెట్టి చూడు. మైనస్ వైపూ అలాగే. రెండూ కలిపి 0.4 వోల్టు దాటితే వైరు చివర బిగించే లగ్గులు విప్పి చూడు, పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. గీకి, కొత్త లగ్గు క్రింప్ చేయించి, పైన పెట్రోలియం జెల్లీ రాయి. ఫ్యూజు పదేపదే పోతోందని పెద్ద ఫ్యూజు వేయొద్దు, వైరు కాలుతుంది. చాలా రోజులు ఆగి ఉన్న ఇంపెల్లర్ గోడకు అతుక్కుపోతే మోటారు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. మూత విప్పి ఇంపెల్లర్‌కు కాస్త గ్లిజరిన్ రాస్తే సర్దుకుంటుంది. విడి ఇంపెల్లర్ ఒకటి బోటులోనే ఉంచుకో.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు బోటు ఆగిపోతుంది కదా. అప్పుడు నెలకోసారి వోల్టేజ్ చూడు. లోడు లేకుండా 12.7 ఉంటే ఫుల్లు, 12.2 ఉంటే సగం. 12.4 కిందికి పోనివ్వకుండా ఛార్జి పెట్టు. మన ఎండలకు బ్యాటరీ తనంతట తానే త్వరగా దిగిపోతుంది. తక్కువ ఛార్జిలో వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ కోలుకోదు.

అమెరికా నుంచి వచ్చిన బోటు కాబట్టి దాని ఛార్జర్ 120 వోల్టులకే చేసింది కావచ్చు. లేబుల్ మీద 100–240 అని లేకపోతే మన 230కి పెట్టావంటే మాడిపోతుంది. ప్లగ్గు పెట్టే ముందు ఆ లేబుల్ ఫోటో తీసి నాకు పంపు.

పెదనాన్న