కుక్క కరిస్తే టీకాతో పాటు గాయంలో ఇంకో ఇంజెక్షన్ ఎందుకు?

టీకా వేశాక బి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) రేబిస్ వైరస్‌ను గుర్తుపట్టి సరిపడా యాంటీబాడీలు (వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లు) తయారుచేయడానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. ఈలోపు వైరస్ నరంలోకి దూరితే మెదడు దాకా పాకుతుంది, అక్కడ యాంటీబాడీలు దాన్ని సరిగా అందుకోలేవు. అందుకే రక్తం వచ్చేలా కరిస్తే, తయారుగా ఉన్న యాంటీబాడీలనే (ఇమ్యునోగ్లోబులిన్) గాయం లోపల, చుట్టూ ఎక్కిస్తారు. మనిషి రక్తం నుంచి తీసిందైతే కిలో బరువుకు 20 యూనిట్లు, గుర్రానిదైతే 40. మొదటి టీకా రోజే వేయించుకోవడం మంచిది. ఆ మొదటి టీకా వేసి 7 రోజులు దాటితే వేయరు, అప్పటికి సొంత యాంటీబాడీలు మొదలవుతాయి.

గతంలో పూర్తి కోర్సు టీకా తీసుకున్నవాళ్లకు ఇది అక్కర్లేదు. వాళ్లలోని జ్ఞాపక కణాలు (పాత టీకాను గుర్తుంచుకున్న రోగనిరోధక కణాలు) 0 (మొదటి డోసు రోజు), 3 రోజుల్లో వేసే రెండు డోసులకే చురుగ్గా స్పందిస్తాయి.

అన్నిటికన్నా ముందు సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. దయచేసి పసుపు, కారం, సున్నం పెట్టకండి.